చదవగలమా? లేదు

“తీగ పీకేశాడు. కేసు అంతే. ఇందులో జల్లించడానికి ఏముంది వదినా?”

ఇన్‌స్పెక్టర్ ఆ మాట అనడం ఆ ఉదయం అది మూడోసారి. సర్వర్ గది గుమ్మానికి భుజం ఆనించి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఒక కుర్చీ లాక్కుని, కంప్యూటర్ ముందున్న మనిషి పక్కన వేసుకు కూర్చుంది.

డిపార్టుమెంటులో ఉన్న రోజుల్లో ఆమెకు ‘జల్లెడ’ అని పేరు. కంప్యూటర్ నేరాల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసింది. పైవాళ్లు మూసెయ్యమన్న ఒక కేసు మూయనని మొండికేసి, చివరికి ఉద్యోగానికే నమస్కారం పెట్టి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరుచుకుంది. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకు స్వయానా తమ్ముడు. ఇంట్లో వదిన చేతి కూర అడిగి మరీ రెండోసారి వేయించుకునే మరిది, బయట మాత్రం ఆమె చెయ్యి పెట్టిన ప్రతి కేసులోనూ అడ్డం నిలబడేవాడు.

ఈ కేసు ఆమె దగ్గరికి తెచ్చింది చనిపోయిన ఫిట్టరు భార్య.

“ఏడవడానికి కూడా నాకు తీరిక ఇవ్వలేదమ్మా వీళ్లు,” అంది ఆ ఇల్లాలు, మొదటిరోజు ఆఫీసుకు వచ్చినప్పుడు. “పొద్దున మా ఆయన శవాన్ని అప్పగించారు. సాయంత్రం మా తమ్ముడి చేతికి బేడీలు వేశారు. బావని చంపుకుంటాడా వాడు? చెయ్యి పట్టుకుని ఆ పనిలో పెట్టింది ఆయనేనమ్మా!”

జరిగింది ఇది. ఆ కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టిన చేపల్ని నిలవ ఉంచే గదులకు చలువ అమ్మోనియా గ్యాసు నుంచి వస్తుంది. గ్యాసు పారే గొట్టాలన్నీ కిటికీలు లేని ఒక పొడవాటి పైపుల గదిలో ఉంటాయి. గ్యాసు కారితే అక్కడి సెన్సర్ పసిగట్టాలి, గంట మోగాలి, తలుపు మీది పచ్చ లైటు ఎర్రగా మారాలి. పోయిన వారం ఒక గొట్టం అతుకు దగ్గర విచ్చింది. గంట మోగలేదు. లైటు పచ్చగానే ఉంది. ఆ పచ్చ లైటును నమ్మి ఫిట్టరు తలుపు తీసి లోపలికి వెళ్లాడు. మళ్లీ తన కాళ్ల మీద బయటికి రాలేదు. ప్యానెల్ ముందు కూర్చునే ఆపరేటరు, అంటే అతని బావమరిది, మూతికి తడిగుడ్డ కట్టుకుని లోపలికి దూరి, నేల మీద పాక్కుంటూ వెళ్లి బావను ఈడ్చుకొచ్చాడు. ఫిట్టరు దక్కలేదు. ఊపిరితిత్తులు కాలిన ఆపరేటరు ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు, ముక్కుకు ఆక్సిజన్ మాస్కు, చేతికి మంచంతో కలిపి వేసిన బేడీ. గంట గోల పడలేక సెన్సర్ తీగను అతనే పీకేశాడని నేరం మోపారు.

నిందితుడి తరఫు మనిషిని ఫ్యాక్టరీ చూడనివ్వమని కోర్టు చెప్పింది. పోలీసులు పక్కనుండాలనీ చెప్పింది. అందుకే వదినా మరుదులు ఆ ఇరుకు గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకోవలసి వచ్చింది.

కంప్యూటర్ ముందున్న మనిషి కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇన్‌చార్జి. వయసు నలభై దాటింది, జుట్టు నుదుటిని వదిలి వెనక్కి జరుగుతోంది. ఎవరు ఏ సాయమడిగినా ముందు “పాస్‌వర్డ్ మర్చిపోయారా?” అంటాడని పనివాళ్లు అతనికి ‘పాస్‌వర్డు’ అనే పేరు పెట్టారు.

“సెన్సర్ ఈ సర్వర్‌తో ఎలా మాట్లాడుతుందో చెప్పండి,” అంది జల్లెడ. “మా మరిదికి కూడా అర్థమయ్యేలా చెప్పండి.”

పాస్‌వర్డు గొంతు సవరించుకున్నాడు. “కొన్ని సెకన్లకోసారి రీడింగు పంపిస్తుంది మేడం. పంపినప్పుడల్లా సర్వర్‌కి ఒక రిక్వెస్టు వస్తుంది. రీడింగు అందులో స్ట్రీమ్‌గా వస్తుంది. అంటే కుళాయిలోంచి నీళ్లొచ్చినట్టు. అలారం ప్రోగ్రాం ముందుగా ‘ఈ స్ట్రీమ్ చదవగలమా?’ అని చూసుకుంటుంది. చదవగలిగితే చదువుతుంది. అంకె ప్రమాదం గీత దాటితే గంట మోగిస్తుంది.”

“చదవలేకపోతే?”

“రికార్డులో ‘లేదు’ అని రాసి వదిలేస్తుంది.”

“వదిలేసి?”

“తర్వాతి రీడింగు కోసం చూస్తుంది.”

“అప్పటిదాకా తలుపు మీద లైటు?”

పాస్‌వర్డు కీబోర్డు వైపు చూశాడు. “ముందు ఏ రంగుంటే అదే రంగు మేడం.”

“అంటే పచ్చ.” ఆమె గొంతు పెరగలేదు కానీ పళ్ల మధ్య నుంచి వచ్చింది. “నాకు కళ్లు కనబడ్డం లేదు అని చెప్పాల్సిన చోట, అంతా బాగానే ఉంది అని చెప్పే లైటు. మంచి ఏర్పాటు! రికార్డు చూపించండి.”

అతను చూపించాడు. పదకొండూ పది దాకా ప్రతి వరస చివరా ‘చదవగలమా: అవును’. అక్కణ్ణుంచి ‘చదవగలమా: లేదు’. మళ్లీ లేదు, మళ్లీ లేదు. స్క్రీను నిండా లేదు.

“ఫిట్టరు తలుపు తీసింది?”

“పదకొండూ పదహారుకి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే. “తలుపు పక్కనున్న రిజిస్టరులో తనే టైము రాశాడు. నేను చెప్పేదీ అదే కదా! అంతకు ఆరు నిమిషాల ముందు వాడు తీగ పీకాడు, అందుకే సర్వర్ చదవలేకపోయింది. తర్వాత మళ్లీ తగిలించి ఏమీ ఎరగనట్టు ఏడ్చాడు. ప్రభుత్వ భద్రతాధికారి స్వయంగా వచ్చి చూసి రిపోర్టు ఇచ్చాడు. సెన్సర్ డబ్బా మీద వాడి వేలిముద్రలు కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి మీకు?”

“నువ్వు మా ఇంటికొచ్చి తలుపు కొడితే నేనేమంటాను?”

“‘ఎవరు?’ అంటారు.”

“నువ్వు రాకపోతే?”

ఇన్‌స్పెక్టర్ ముఖం చిట్లించాడు. “ఎందుకంటారు?”

“మరి ఈ ప్రోగ్రాం ఎందుకంది?” ఆమె వేలు స్క్రీను మీద ఒక వరసను తాకింది. “తీగ పీకేస్తే రిక్వెస్టే రాదు. రిక్వెస్టు రాకపోతే ‘చదవగలమా’ అని అడగడానికి అసలు ఏమీ ఉండదు. రికార్డు ఖాళీగా ఉండాలి. ఇక్కడ ప్రతి అయిదారు సెకన్లకీ ఎవరో తలుపు కొట్టారు, ప్రతిసారీ ప్రోగ్రాం ప్రశ్న వేసింది. ఈ ‘లేదు’ ఒక్కొక్కటీ సెన్సర్ బతికే ఉందని, అరుస్తూనే ఉందని సాక్ష్యం. అవునా, కాదా?”

చివరి మాట పాస్‌వర్డుతో. 

“రిపోర్టులో అలా లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం నువ్వు. పద, ఆ తీగ నాకు చూపించు.”

పైపుల గదిలో గ్యాసంతా తీసేసి, కొత్త గొట్టం వేశారు. అయినా గోడలకు ఆ ఘాటు ఇంకా అంటుకునే ఉంది. కళ్లు మండాయి. సెన్సర్ డబ్బా గది నడిమికి, గోడకు మోకాలెత్తున ఉంది. ఇన్‌స్పెక్టర్ టార్చి వేశాడు.

“వేలిముద్రలు ఎక్కడ దొరికాయి?”

“డబ్బా కింది అంచున. నాలుగు వేళ్లు.”

జల్లెడ నేల మీద బోర్లా పడుకుంది. చీర కుచ్చిళ్లకు నూనె మరకలవుతాయని ఇన్‌స్పెక్టర్ అనబోయి మానుకున్నాడు. మోచేతుల మీద పాకుతూ ఒక చేత్తో గోడ తడుముకుంటూ వచ్చింది. చెయ్యి డబ్బా కింది అంచుకు తగిలింది. నాలుగు వేళ్లు.

“కళ్లు కనబడని పొగలో బావ కోసం పాక్కుంటూ వచ్చినవాడి చెయ్యి ఎక్కడ పడుతుందో అక్కడే పడింది,” అంది లేస్తూ. “తీగ పీకాలంటే పైనున్న ఈ బిరడా తిప్పాలి. దాని మీద ముద్రలు ఉన్నాయా?”

అతను టార్చి పక్కకు తిప్పాడు.

“లేవన్నమాట. టార్చి ఇలా దగ్గరికి పట్టు.”

బిరడాకూ డబ్బాకూ కలిపి పసుపు రంగుతో ఒక అడ్డగీత గీసి ఉంది. ఎవరైనా బిరడా కాస్త తిప్పినా గీత రెండుగా విడిపోయి తెలిసిపోవాలని బిగించేటప్పుడు గీసే గీత అది. ఎక్కడా చెదరలేదు. దాని మీద నెలల నాటి జిడ్డూ దుమ్మూ పొరలా పేరుకుని ఉన్నాయి. జల్లెడ చూపుడువేలితో ఒక చివర రుద్దింది. జిడ్డు కింద గీత తిన్నగా, తెగకుండా ఉంది.

“ఇది చూసే రాశాడా మీ భద్రతాధికారి, కళ్లు మూసుకుని రాశాడా?”

ఇన్‌స్పెక్టర్  ఫోను తీసి రెండు ఫొటోలు తీసుకున్నాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం అతని ఇంటి పద్ధతి కాదు. “సరే, తీగ పీకలేదనుకుందాం. అయితే యంత్రం తప్పు. యంత్రానికి బేడీలు వెయ్యలేను కదా! మేనేజర్ మీద మీ కన్ను పడిందని నాకు తెలుసు. ఆయన్ని ఇందులోకి లాగకండి. ఆ పదకొండింటప్పుడు ఆయన నా స్టేషన్లో, నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. సరుకు దొంగతనం గురించి కంప్లయింటు ఇస్తున్నాడు.”

“నేనింకా ఎవర్నీ లాగలేదు. నువ్వే ఆయన్ని బయటికి తోస్తున్నావు,” అని ఆమె మెట్లెక్కింది.

సర్వర్ గదిలోకి వచ్చేసరికి పాస్‌వర్డు వాళ్లు వదిలి వెళ్లిన చోటే, అదే స్క్రీను ముందు కూర్చుని ఉన్నాడు. పక్కనున్న టీ చల్లారిపోయింది. జల్లెడ ఈసారి కూర్చోలేదు.

“వచ్చే ప్రతి రిక్వెస్టు పైన, లోపల ఎంత డేటా ఉందో రాసి ఉంటుంది. ఆ ‘లేదు’ల పైన ఏం రాసుందో తెరవండి.”

అతను తెరిచాడు. ప్రతి దాని పైనా ఒక సంఖ్య ఉంది. ఒక్కటీ సున్నా కాదు.

“చూడు,” అంది మరిదితో. “కవరు మీద బరువు రాసి ఉంది. విప్పితే లోపల కాగితం లేదు. దారిలో ఎవరో తీసుకున్నారు. స్ట్రీమ్ అంటే పుస్తకం కాదు, ఎంతమందైనా తిరగేసి చదవడానికి. పారే నీళ్లు. ముందు పట్టుకున్నవాడికే దొరుకుతాయి. తర్వాత బిందె పట్టుకుని వచ్చినవాడికి ‘లేదు’. అలారం ప్రోగ్రాం రెండో బిందె.” ఆమె పాస్‌వర్డు వైపు తిరిగింది. “మొదటి బిందె ఎవరిది?”

పాస్‌వర్డు చల్లారిన టీ గ్లాసును పక్కకు జరిపాడు.

“మీరు చెప్పకపోతే ప్రోగ్రాం మొత్తం వరసలు వరసలుగా నేనే చదువుకుంటాను. సాయంత్రానికల్లా దొరుకుతుంది. అప్పుడు మీ పేరు మొదట వస్తుంది. ఇప్పుడు చెబితే కనీసం రెండోది అవుతుంది.”

“నేను వద్దనే అన్నాను మేడం,” అన్నాడు పాస్‌వర్డు.  “రెండు నెలల క్రితం మూడు వారాల్లో ఏడుసార్లు గంట మోగింది. మోగిన ప్రతిసారీ జనం బయటికి పరుగెత్తారు, పని ఆగింది. ఊరికే మోగుతోందన్నారు మేనేజర్ గారు.”

“ఊరికే అని ఎలా తేల్చారు? పైపుల గదిలోకి వెళ్లి చూశారా?”

“తన ముక్కుకి వాసన రాలేదన్నారు.”

“ఎక్కడుండగా?”

“పై అంతస్తులో, తన గదిలో ఉండగా.”

ఇన్‌స్పెక్టర్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

పాస్‌వర్డు మిగతాది ఆగకుండా చెప్పేశాడు. అలారం ప్రోగ్రాంకంటే ముందు చిన్న ముక్క ఒకటి పెట్టమన్నారు. ప్రతి రీడింగునూ ముందు అది చదువుతుంది. అంకె గీత లోపల ఉంటే, మళ్లీ కొత్తగా నింపి అలారానికి పంపిస్తుంది. గీత దాటితే మాత్రం పంపదు. తన దగ్గరే పట్టుకుని, ఫోనుకు ఒక ప్రశ్న పంపుతుంది: మోగించాలా, ఆపాలా? జవాబు వచ్చేదాకా, ఆపమంటే ఆ తర్వాత కూడా, అలారానికి దక్కేది ఖాళీ స్ట్రీమే.

“వారం రోజులు పెట్టి తీసేద్దామన్నారు మేడం. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.”

“మనిషి పోయాక కూడా?”

“తియ్యమని ఎవరూ చెప్పలేదు.”

జల్లెడ బల్ల మీద అరచేత్తో చరిచింది. చల్లారిన టీ ఒలికింది. “ఎవరైనా చెప్పాలా? శవం లేచొచ్చి చెప్పాలా? ఆ ఫిట్టరు ఆరు నిమిషాలపాటు ఆ తలుపు బయటే ఉన్నాడయ్యా! స్పానర్లు సర్దుకుంటున్నాడు, బావమరిదితో కబుర్లు చెబుతున్నాడు. అప్పటికే ఒకడు ఎక్కడో కూర్చుని, లోపల చావుందని చదివేశాడు. చదివి, ఆపు అని నొక్కాడు. ఆ తర్వాత కాపాడ్డానికి వెళ్లినవాణ్ణి మంచానికి కట్టేశారు. వాడి అక్క నా ఆఫీసులో కూర్చుని, మొగుడి కోసం ఏడవాలా తమ్ముడి కోసం ఏడవాలా అని నన్నడిగింది. ఏం చెప్పమంటావు ఆ మనిషికి? తియ్యమని ఎవరూ చెప్పలేదట అని చెప్పనా?”

పాస్‌వర్డు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అరుపు లేకుండానే అన్నాడు: “మేనేజర్ని పిలవండి.”

మేనేజర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. లోపలి మనుషుల మొహాలు చూసి విషయం గ్రహించినట్టే ఉన్నాడు, అయినా నవ్వాడు. “చెప్పండి సర్. మేడం గారికి అన్నీ చూపించారా?”

“ఫోను బల్ల మీద పెట్టండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఎందుకు సర్?”

“పెట్టండి.”

పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ దాని వైపు చూస్తూ మెల్లగా మాట్లాడాడు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా కనుబొమలు దగ్గరపడ్డాయి. “ఆ రోజు మీరు నా ఎదురుగా కూర్చుని కంప్లయింటు చెబుతున్నారు. ఫోను మోగలేదు, వణికింది. తీసి చూశారు. బొటనవేలితో ఒకసారి నొక్కి బోర్లా పెట్టేశారు. ఏమైనా అర్జంటా అని నేనడిగాను. అబ్బే, ఫ్యాక్టరీ గోల మామూలే అన్నారు. మీ కోసం సాక్ష్యం చెబుతానని ఇందాకటిదాకా మా వదినతో గొడవపడ్డాను. చెబుతాను. తప్పకుండా చెబుతాను. ఏం నొక్కారు?”

మేనేజర్ నవ్వు మాసిపోయింది. “సర్, మీకు వ్యాపారం సంగతి తెలీదు. గంట మోగితే సగం రోజు పని పోతుంది, సరుకు పాడవుతుంది. ప్రతి చిన్న వాసనకీ జనాన్ని బయటికి తోలుకుంటూ పోతే ఫ్యాక్టరీ మూసుకోవాలి. అది కూడా మామూలుదే అనుకున్నాను. లోపలికి ఎవరో వెళ్తారని నేను కలగన్నానా?”

“వెళ్లకుండా ఆపడానికే కదా గంట పెట్టింది!” అంది జల్లెడ. “సరుకు పాడవుతుందట. చేప చెడిపోకూడదు, మనిషి చెడిపోయినా ఫరవాలేదు. ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఇలా ఆపారో తెరవండి.”

పాస్‌వర్డు తెరిచాడు. ఆగిపోయిన హెచ్చరికలు వరసగా స్క్రీను మీదికి వచ్చాయి. ఎండలు ముదిరి యంత్రాలను మోతాదు మించి తిప్పుతున్నప్పటినుంచి రోజూ ఒకటో రెండో ఉన్నాయి. ఇక్కడివే కాదు, రైలు గేటు అవతలున్న రెండో యూనిట్‌వి కూడా ఉన్నాయి. ఇన్ని రోజులు ఆ గదుల్లోకి ఎవరూ పొరపాటున వెళ్లకపోవడమే వాళ్లను కాపాడింది.

చూస్తుండగానే పైన కొత్త వరస ఒకటి చేరింది.

యూనిట్ రెండు. పైపుల గది. జవాబు కోసం ఆగి ఉంది.

బల్ల మీది ఫోను వణికింది.

“మోగించు నొక్కు!” అని జల్లెడ అరిచింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఫోనును తాకేలోపే స్క్రీను మీద వరస మారిపోయింది.

ఆపేశారు.

నలుగురూ ఫోను వైపు చూశారు. ఎవరూ ముట్టుకోలేదు. మేనేజర్ రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు.  “నేను కాదు. చూశారు కదా, నేను కాదు!”

“ఆ ముక్క తీసెయ్యి,” అంది జల్లెడ పాస్‌వర్డుతో. “రెండు యూనిట్లకీ. ఇప్పుడే.” బల్ల మీది ల్యాండ్‌లైను అందుకుంది. “రెండో యూనిట్ ప్యానెల్ నంబరెంత?”

మేనేజర్ చెప్పాడు. అవతల ఒకామె ఎత్తింది.

“మీ పైపుల గదిలో గ్యాసు కారుతోంది. అందర్నీ బయటికి పంపండి!”

“ఎవరండీ మాట్లాడేది? ఇక్కడ స్క్రీనంతా పచ్చగానే ఉందే! గంట కూడా మోగలేదు.”

“గంటను నమ్మకమ్మా. పైపుల వైపు ఎవరైనా వెళ్లారా?”

“ఇద్దరు బయల్దేరారండీ. ఇప్పుడే, వాల్వు చూడ్డానికి. గంట మోగకుండా పని ఆపితే మా జీతాలు కోస్తారండీ, రూలు…”

ఇన్‌స్పెక్టర్ రిసీవరు లాక్కున్నాడు. “పోలీసు ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నాను. రూలు సంగతి నేను చూసుకుంటాను. పరుగెత్తు తల్లీ, ఆ ఇద్దర్నీ కాలర్ పట్టుకుని వెనక్కి లాగు. వెళ్లు!”

అవతల రిసీవరు బల్ల మీద పడేసిన చప్పుడు. అడుగుల చప్పుడు. ఎవరినో కేకేస్తున్న గొంతు దూరమైంది. ఇవతల పాస్‌వర్డు  ఒక వరస చెరిపాడు, ప్రోగ్రాంను ఆపాడు, మళ్లీ మొదలుపెట్టాడు. స్క్రీను ఒకసారి నల్లబడి తేరుకుంది.

చదవగలమా: అవును.

రిసీవరులోంచి గంట వినబడింది. చెవులు చిల్లులు పడేలా, ఆగకుండా మోగుతున్న గంట. ఇన్‌స్పెక్టర్ కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి ఫోనెత్తిన ఆమె రొప్పుతూ మళ్లీ లైన్లోకి వచ్చింది.

“తలుపు మీద చెయ్యి వేసేశారండీ. లాగేశాను. ఇద్దరూ తిట్టారండీ నన్ను. ఆ లోపు లైటు ఎర్రగా అయింది. అందరూ బయటికి వస్తున్నారు.”

ఇన్‌స్పెక్టర్ రిసీవరు పెట్టేశాడు.  జల్లెడ పాస్‌వర్డు భుజం మీద చెయ్యి వేసింది. ఈసారి గొంతులో కోపం లేదు.

“ప్రశ్న రెండు ఫోన్లకి వెళ్తోంది. రెండోది ఎవరిది?”

“భద్రతాధికారిది మేడం.” అతను తల ఎత్తలేదు. “గంట మోగితే తన ఆఫీసుకీ ఒక రిపోర్టు పోతుందట. అన్ని రిపోర్టులు పోతే, ఫ్యాక్టరీ భద్రంగా ఉందని తను ఇచ్చిన సర్టిఫికెట్టు ఏమవుతుందని, తన నంబరు కూడా పెట్టించుకున్నాడు.”

“కంచే చేను మేసిందన్నమాట,” అంది జల్లెడ. “మేసి, కాపలావాడే తిన్నాడని రిపోర్టు రాసిచ్చింది.”

ఇన్‌స్పెక్టర్ వదిన వైపు తిరిగాడు. 

“వదినా, పొద్దున అతను నా దగ్గరికి వచ్చాడు. ఆపరేటరు నేరం ఒప్పుకుంటే కోర్టులో సులువవుతుంది, నేను మాట్లాడి రాయిస్తాను అన్నాడు. ఆస్పత్రిలో ఒంటరిగా కలవడానికి నేనే అనుమతి రాసిచ్చాను.” గోడ గడియారం చూశాడు. “ఇప్పుడతను అక్కడే ఉంటాడు. ఆ మంచం పక్కన కూర్చునే ఇందాక ఆపు నొక్కాడు.”

ఫోను తీసి వార్డు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌కు చేశాడు. అవతలి మాటలు గదిలో అందరికీ వినబడ్డాయి.

“లోపలే ఉన్నారు సార్. నన్ను బయట నిలబడమన్నారు. అద్దంలోంచి కనబడుతున్నారు. సంతకం పెట్టనంటున్నాడు సార్ కుర్రాడు. మాట సరిగా వినబడ్డం లేదని సారు వాడి మాస్కు తీసి చేత్తో పట్టుకున్నారు. వాడికి ఎగశ్వాస వస్తున్నట్టుంది సార్, నేను లోపలికి వెళ్లొచ్చా?”

“తలుపు పగలగొట్టయినా వెళ్లు! ముందు మాస్కు పెట్టు! బేడీ ఊడదీసి ఆ ముసుగుదొంగ చేతికెయ్యి. నేను వస్తున్నాను!”

లైను తెగలేదు, కానీ అవతల కుర్చీ పడిన చప్పుడు తప్ప మాట రాలేదు. ఇన్‌స్పెక్టర్ మేనేజర్‌ను పట్టుకోమని కిందున్న పోలీసులకు కేకేసి, మెట్లు రెండేసి చొప్పున దిగాడు. జల్లెడ కూడా వెనకే పరుగెత్తింది. జీపు దగ్గర అతను తాళంచెవి రంధ్రంలో పెట్టబోయి రెండుసార్లు జారవిడిచాడు. రెండోసారి వంగి తీసి ఆమె చేతికిచ్చాడు.

“మీరు నడపండి వదినా. నా చేతులు నా మాట వినడం లేదు.”